రఫ్లీసియాను బదనిక అనవచ్చా?

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా పెద్ద పువ్వు గురించి ఒక పత్రికలో ఇలా చదివాను: "రఫ్లీసియా అనే ఈ అరుదైన బదనిక తన అతిథి మొక్క నుంచి ఆహారం పీల్చుకుంటుంది. దీన్నే శవపుష్పం అంటారు." మా వైపు మామిడిచెట్ల మీద మొలిచేదాన్ని బదనిక అంటాం. రెండూ ఒకటేనా? పరాన్నజీవి, పరాన్నభుక్కు అనే మాటల్లో ఏది సరి?

సమాధానం: రెండూ ఒకటి కావు. అయితే ఆ వాక్యాల్లో అసలు పొరపాటు మీరు అడగని మాటలో ఉంది: 'అతిథి మొక్క'. అతిథి అంటే వచ్చినవాడు, అన్నం పెట్టేవాడు ఆతిథేయుడు. ఇక్కడ వచ్చి తిష్ఠ వేసింది రఫ్లీసియా. దాన్ని పోషిస్తున్నది టెట్రాస్టిగ్మా అనే అడవి తీగ, అంటే ద్రాక్ష, నల్లేరు కుటుంబానిది. 'అతిథి మొక్క' అనేసరికి తినేది ఎవరో, పెట్టేది ఎవరో తారుమారైంది. 'ఆతిథేయి' అనాలి. పాఠ్యపుస్తకాల్లో 'అతిథేయి' కూడా కనిపిస్తుంది కానీ, అతిథి శబ్దం మీద తద్ధిత ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే 'అ' 'ఆ' అవుతుంది కనుక దీర్ఘంతో రాయడమే శుద్ధం.

ఇక బదనిక. అమరకోశం దీనికి వంద, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అని పేర్లు చెప్పింది. వృక్షాదని అంటే చెట్టును తినేది, వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది. మామిడి కొమ్మ మీది బదనికకు ఈ రెండూ అతికినట్టు సరిపోతాయి. పిట్టలు దాని పండు తిని జిగురు గింజను కొమ్మకు అంటిస్తాయి. గింజ అక్కడే మొలిచి చూషకాలను, అంటే వేళ్ళలాంటి పీల్చే భాగాలను, కొమ్మలోకి దించుతుంది, అతుకు దగ్గర కొమ్మ బొడిపెలా ఉబ్బుతుంది. కానీ దానికి పచ్చని ఆకులున్నాయి. నీరు, లవణాలు చెట్టు నుంచి లాక్కున్నా పిండిపదార్థం చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. అందుకే అది పాక్షిక పరాన్నజీవి.

రఫ్లీసియాకు ఆకు లేదు, కాండం లేదు, వేరు లేదు. దాని ఒళ్ళంతా తీగ లోపలి కణజాలంలో అల్లుకున్న సన్నని పోగులే. నెలల తరబడి ఊరిన మొగ్గ తీగ బెరడును చీల్చుకుని, ఎక్కువగా నేలకు దగ్గరగా, బయటికి వచ్చినప్పుడే అది ఉన్నట్టు తెలుస్తుంది. సుమత్రా అడవుల్లో 1818లో ప్రకృతి పరిశోధకుడు ఆర్నాల్డ్, బ్రిటిష్ అధికారి రాఫుల్స్ బృందం చూసిన జాతి పువ్వు వెడల్పు సుమారు ఒక మీటరు. విచ్చాక వారం రోజులైనా నిలవదు, నల్లగా కుళ్ళిపోతుంది. ఇది వృక్షరుహ ఎలా అవుతుంది? మన దగ్గర దీనితో పోల్చదగినది పొగాకు మల్లె. పచ్చదనం బొత్తిగా లేక, పొగాకు వేళ్ళ మీదే పూర్తిగా బతికే మొక్క అది. దాన్ని కూడా మన రైతులు బదనిక అనలేదు, వేరే పేరు పెట్టుకున్నారు. ఆ తేడా మనమూ పాటించాలి.

పరాన్నజీవి, పరాన్నభుక్కు రెండూ వ్యాకరణానికి సరే. శాస్త్ర విషయాల్లో పరాన్నజీవి స్థిరపడింది. పరాన్నభుక్కు అంటే ఒకరి కష్టం మీద బతికే మనిషిని దెప్పినట్టు ధ్వనిస్తుంది కాబట్టి మొక్కకు వద్దు. 'పరాన్న జీవి' అని విడదీయకండి, అది సమాసం. కుళ్ళు వాసన వేస్తుంది కదా అని కొందరు 'పూతికాహారి' అంటారు, అది మరీ తప్పు. పూతికాహారి కుళ్ళినదాన్ని తినేది. రఫ్లీసియా తినేది బతికున్న తీగను, వాసన వేసేది పుప్పొడి మోసే ఈగల కోసం.

'శవపుష్పం' ఇంకో చిక్కు. ఆ పేరును సుమత్రాకే చెందిన మరో మొక్కకూ వాడుతున్నారు. అది మన కందకు దగ్గరి చుట్టం. దానికి సొంత దుంప, సొంత ఆకు ఉన్నాయి, పరాన్నజీవి కానేకాదు. పైగా అది ఒక పువ్వు కాదు, నిలువెత్తుకు మించిన పుష్పగుచ్ఛం. ఉద్యానవనంలో కుండీలో శవపుష్పం పూసిందని వార్త వస్తే అది దాదాపుగా ఈ కందజాతి మొక్కే. కాబట్టి ఈ పేరు వాడితే ఏ మొక్కో పక్కనే చెప్పాలి.

తెలుగు పేరే కావాలనుకుంటే ఇండోనేషియావాళ్ళ మాట ఉంది. వాళ్ళు ఈ ఆర్నాల్డ్ జాతిని 'పద్మ రాక్షస' అంటారు. 1993లో తమ మూడు జాతీయ పుష్పాల్లో ఒకటిగా, అరుదైన పుష్పం హోదాలో ప్రకటించుకున్నారు. వాళ్ళ భాషలో విశేషణం తర్వాత వస్తుంది, మనం 'రాక్షసపద్మం' అనుకోవచ్చు. తామరతో చుట్టరికం లేకపోయినా మన చెవికి కొత్తగా ఉండదు.

అరుణాచల్ ప్రదేశ్ అడవుల్లో ఇదే కుటుంబానికి చెందిన సాప్రియా ఉంది. జానెడు వెడల్పు, ఎర్రటి పువ్వు మీద పసుపు చుక్కలు, రఫ్లీసియాకు అయిదు రేకలుంటే దీనికి పది. దానికీ బదనిక అన్న పేరు చెల్లదు. రఫ్లీసియా, రఫ్లీషియా అనే రెండు రాతలూ వాడుకలో ఉన్నాయి, ఒక వ్యాసంలో ఒకటే వాడండి.