మ్యాన్‌హోల్‌లో దీపం ఆరకపోతే లోపల గాలి మంచిదేనా?

కాదు, దీపం వెలుగుతూనే ఉన్నా లోపలి గాలి ప్రాణం తీసేలా ఉండొచ్చు, అందుకే మ్యాన్‌హోల్‌లోకైనా సెప్టిక్ ట్యాంకులోకైనా దిగేముందు గ్యాస్ మీటరుతోనే చూడాలి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. అది 19.5 కంటే తగ్గిందంటే గాలి సిలిండరు, మాస్కు లేకుండా దిగకూడదు. కొవ్వొత్తి మాత్రం దాదాపు 16 శాతం దాకా వెలుగుతూనే ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువు ఉందో లేదో మంట అసలే చెప్పదు. మీథేన్ పోగై ఉంటే ఆ మంటే పేలుడు తెచ్చిపెడుతుంది.

ఉదాహరణకు, ట్యాంకులో ఒకరు స్పృహ తప్పి పడిపోయారనుకోండి. రెస్క్యూ సిబ్బంది పైనే నిలబడి, మీటరుకు తగిలించిన సన్నటి ట్యూబును పైన, మధ్యలో, అడుగున ఆపి ఆపి దించుతారు. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా కాస్త బరువు, అడుగున నిలుస్తుంది. లోపలి గాలి ట్యూబు గుండా మీటరు దాకా రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి ప్రతిచోటా ఆగాల్సిందే. టెన్షన్‌లో అందరూ ముందు వదిలేసేది ఈ ఆగడాన్నే! చూడాల్సిన మొదటి అంకె ఆక్సిజన్‌ది, ఎందుకంటే అది బాగా తగ్గితే చాలా మీటర్లు మండే గ్యాసును తక్కువ చేసి చూపిస్తాయి. దిగాక కూడా మీటరు ఆన్‌లోనే ఉండాలి. అడుగు బురద కదిలితే గ్యాసు మళ్లీ పైకి లేస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఉండే కుళ్లిన గుడ్ల వాసన పోతే గ్యాసు పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ ఆ గ్యాసు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) దగ్గరికి వస్తే ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన ఉన్నట్టుండి ఆగిందంటే గ్యాసు పెరిగి ఉండొచ్చు, వెంటనే బయటికి రావాలి.