అందరూ బాగుందనే అన్నారు, కొనేవాళ్ళు లేరు

ప్రశ్న: మాది బరంపురం. పీహెచ్‌డీలో భాగంగా ఎండు చేపల కోసం ఒక సోలార్ డ్రయ్యర్ తయారుచేశాను. దాన్ని మార్కెట్‌కి తేవాలని కస్టమర్ డిస్కవరీ (కొనేవాళ్ళ అవసరమేంటో వాళ్ళనే కలిసి తెలుసుకునే పద్ధతి) ట్రైనింగ్‌లో చేరితే, 100 మందితో మాట్లాడి రమ్మన్నారు. గోపాలపూర్ తీరంలో మన తెలుగు మత్స్యకారుల ఇళ్ళకి వెళ్ళి 25 మందిని కలిశాను. "చాలా బాగుంది బాబూ" అన్నవాళ్ళే అందరూ. కొంటారా అంటే "చూద్దాం" అంటున్నారు. మిగతా 75 మందిని కలిసి ఏం లాభం?

జవాబు: ఆ "చూద్దాం" దగ్గరే నాకు విషయం అర్థమైంది. మొహం మీద వద్దనలేక మన ఇళ్ళల్లో అనే మాట అది. మీరు డ్రయ్యర్ ఫోటో చూపించి ఎలా ఉందమ్మా అని అడిగి ఉంటారు, చదువుకున్న కుర్రాడు ఎండలో పడి వచ్చాడు, నొప్పించడం ఎందుకులే అని బాగుందన్నారు. కష్టంగా ఉన్నా ఆ 25 లెక్కలోంచి తీసేయండి.

మీకు నేర్పుతున్న ఈ కస్టమర్ డిస్కవరీ పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన స్టీవ్ బ్లాంక్‌ది. 2011లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దాన్నే ఐ-కోర్ పేరుతో పరిశోధకులకు శిక్షణగా పెట్టింది. ముగ్గురి టీమ్, 7 వారాలు, 100 ఇంటర్వ్యూలు. ఐఐటీ మద్రాసులోని గోపాలకృష్ణన్-దేశ్‌పాండే సెంటర్ కూడా ఇలాంటి శిక్షణే ఇస్తోంది. ఇందులో మీ వస్తువుని పొగిడించుకునే పని లేదు, ఎదుటివాళ్ళ రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి, అంతే.

ఈసారి ఫోటో ఇంట్లో పెట్టి వెళ్ళండి. కిందటిసారి వాన పడ్డప్పుడు ఆరబెట్టిన చేపని ఏం చేశారు, ఎంత పాడైంది, ఆ వారం డబ్బు ఎవరి దగ్గర తెచ్చుకున్నారు అని అడగండి. జరిగిపోయిన దాని గురించి అడిగితే మొహమాటానికి చోటుండదు.

నేనూ ఒకసారి అక్కడ ఒక పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఇసుక మీద నెత్తళ్ళు పరిచి ఉన్నాయి. ఆవిడ గుప్పెడు తీసి, ఒకటి పుటుక్కున విరిచి చూసి, మిగతావి అరచేతుల మధ్య నలిపితే ఒళ్ళో ఇసుక రాలింది. ఆరడానికి ఎంతసేపు పడుతుందని నేను అడుగుతుంటే ఆవిడ ఇసుక గురించే చెబుతోంది. షావుకారు తూకంలో ఇసుక పేరు చెప్పి కొంత కోసేస్తాడట, పైగా ముందే అడ్వాన్సు ఇచ్చాడు కాబట్టి సరుకు ఇంకొకరికి అమ్మడానికి లేదు. మరి ఆవిడ అప్పు చేసి మీ డ్రయ్యర్ కొని శుభ్రమైన చేప తయారుచేస్తే లాభం ఎవరికి పోతుంది? వాడేది ఆవిడ, బాగుపడేది ఆయన. అందుకని షావుకార్లని కలవండి, హోల్‌సేల్ కొట్లవాళ్ళని కలవండి, పొదుపు సంఘాల్లో కలిసి అమ్ముకునే ఆడవాళ్ళు ఉంటే వాళ్ళని తప్పకుండా కలవండి, ఎందుకంటే వాళ్ళకి అడ్వాన్సు ముడి లేకపోవచ్చు.

ఇంకో సంగతి. కర్రలు పాతి వల కట్టి ఎత్తులో ఆరబెడితే ఇసుక బాధ చాలావరకు తీరిపోతుంది, ఖర్చూ తక్కువ. మీ డ్రయ్యర్‌కి అసలు పోటీ అదే. వానకి మాత్రం ఆ వల అక్కరకు రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకి నిషేధం ఎలాగూ ఉంటుంది, అది అయ్యి ముసురు పట్టాక ఒక వారం అక్కడే ఉండండి. మీలో ఒకరు ప్రశ్నలు అడుగుతుంటే ఇంకొకరు ఎదుటివాళ్ళ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి.