బండి కబుర్లు: రాజసం సరే, గట్టు మీద ఎవరు తోస్తారు?

ప్రశ్న: నమస్తే అండీ. మాది రాజోలు దగ్గర లంక ఊరు. వయసు 34, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. పదేళ్ళ నుంచి 100 సీసీ బండే తోలుతున్నాను, ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ మిటియోర్ 350 మీద మనసు పడింది. రోజూ తోటకి కాలవ గట్టు మీద 4 కిలోమీటర్లు, వారానికోసారి అమలాపురం, నెలకోసారి రాజమండ్రి. మా బావగారు మాత్రం "అది షోరూంలోనూ ఏనుగే, ఇంటికొచ్చాకా ఏనుగే" అంటున్నారు. తీసుకోమంటారా?
— ఓ కొబ్బరి రైతు

జవాబు: మీ బావగారు బండెక్కకుండానే సగం రివ్యూ ఇచ్చేశారండీ. మిగతా సగం నేను చెప్తాను.

ముందు బరువు సంగతి. మీ పాత బండి సుమారు 110 కిలోలు ఉంటుంది, మిటియోర్ పెట్రోలుతో కలిపి 191 కిలోలు. మన లెక్కలో చెప్పాలంటే పాత బండి వెనకాల 75 కిలోల వడ్ల బస్తా ఒకటి, పైన ఇంకొంచెం, ఎప్పుడూ కట్టేసి ఉన్నట్టు, దించడానికి లేదు. రోడ్డెక్కి కదిలాక ఆ బస్తా ఉన్న సంగతే తెలీదు, ఎందుకంటే సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే, మీ ఎత్తుకి రెండు కాళ్ళూ నేల మీద బాగా ఆనతాయి, బరువంతా కిందనే ఉంటుంది కాబట్టి ఊగదు. బస్తా గుర్తొచ్చేది ఎక్కడంటే గట్టు మీద ఎదురుగా ట్రాక్టరొచ్చి వెనక్కి జరపమన్నప్పుడు, వాన పడ్డ మర్నాడు తోటలో మలుపు తిప్పుకోవాల్సొచ్చినప్పుడు. చక్రాల మధ్య దూరమే 1400 మిల్లీమీటర్లు, చిన్న బండిలా నిలబడ్డ చోటే గిర్రున తిరగదు, ముందుకీ వెనక్కీ రెండు మూడు సార్లు జరపాలి, పైగా రివర్స్ గేరంటూ లేదు కదా, మీ కాళ్ళే రివర్స్ గేరు.

సైడ్ స్టాండు గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. నా దగ్గర ఉన్నదీ ఇలా కాళ్ళు ముందుకి పెట్టి కూర్చునే క్రూయిజరే (ఏ కంపెనీదో చెప్పను, చెప్తే ఇద్దరు స్నేహితులు మాట్లాడ్డం మానేస్తారు). అంతర్వేది తీర్థానికి వెళ్ళి చెట్ల కింద ఇసకలో స్టాండేసి, దర్శనం చేసుకుని వచ్చేసరికి అది చెరువులో గేదెలా పక్కకి ఒరిగి హాయిగా పడుకునుంది. ఒక్కడినే లేపబోతే నడుం పట్టేసింది, జీళ్ళు అమ్ముకునే ఆయన ఇంకో ఇద్దర్ని పిలిస్తే అప్పుడు లేచింది. తప్పు బండిది కాదులెండి, నాదే. అప్పట్నించీ సైడు బ్యాగులో ఎండు కొబ్బరి డొక్క ఒకటి ఉంటుంది, మెత్తటి నేల కనపడితే స్టాండు కింద బోర్లా వేస్తాను. మీకైతే తోటలో డొక్కలకి కరువా.

ఇంక మంచి సంగతులు. 349 సీసీ, 20 హార్స్‌పవర్, వినడానికి ఏముందిలే అనిపిస్తుంది కానీ 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇంజను మరీ గట్టిగా తిరగకుండానే, 4000 ఆర్‌పీఎమ్ దగ్గరే అందుతుంది, అందుకని గట్టు మీద మూడో గేరులో మెల్లగా పోతున్నా ఇంజను అడ్డం తిరగదు, వంతెన ఎక్కేటప్పుడు గేరు తగ్గించక్కర్లేదు. గేరు లివరు ముందూ వెనకా తొక్కేది కాబట్టి చెప్పులేసుకున్నా వేళ్ళు కమిలిపోవు. రావులపాలెం వచ్చి హైవే ఎక్కాక 80, 85లో జొన్నాడ వంతెన మీద గోదావరి గాలి తగుల్తుంటే దీనికి మించిన బండి లేదనిపిస్తుంది. 100 దాటించారో, ఇంజను పాపం రొప్పుతుంది, అక్కడ ఆనందం కూడా ఉండదు.

నా మాటేంటంటే, పాత 100 సీసీ బండి అమ్మకండి. దాన్ని తోటకి ఉంచి అమలాపురం, రాజమండ్రి దీని మీద వెళ్ళండి. ఒక్కటే ఉంచుకోవాలి అంటే మాత్రం రోజూ 8 కిలోమీటర్లు గట్టు తొక్కే మనిషికి నేను వద్దనే చెప్తాను, మీకు కోపమొచ్చినా సరే. ఒకవేళ కొంటే టాక్సు కొంచెం కలిసొచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అది దాటితే 40. 349 దగ్గర ఆగడం ఎంత పని చేసిందో చూడండి.

ప్రశ్న: నేను 1980ల్లో బుల్లెట్ తోలినవాణ్ణండీ. మా అబ్బాయి ఈ కొత్త రకం తెచ్చాడు. చూడ్డానికి పాత బండిలాగే ఉంది, స్టార్ట్ చేస్తే కుట్టు మిషనులా ఉంది. ఆ డుబ్ డుబ్ ఏమైంది? కిక్ రాడ్ కూడా లేదేంటి?
— భీమవరం నుంచి ఓ రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: గురువుగారూ, మీరు ఆంపియర్ మీటరు ముల్లు చూసుకుని, డీకంప్రెసర్ (ఇంజనులో ఒత్తిడి వదిలేసే మీట) నొక్కి పిస్టన్ సరైన చోటుకి తెచ్చి, ఒక్క కిక్కుతో లేపిన తరం. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉన్న బండ్లు. ఆ ఇంజనులో పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా హ్యాండిలుకీ, అద్దాలకీ, మీ పళ్ళకీ తెలిసేది. 2020 నవంబరులో మిటియోర్‌తో వచ్చిన కొత్త ఇంజనులో బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు, అది పిస్టన్‌కి ఎదురు ఊపు ఊపి ఆ అదురుని చంపేస్తుంది. చప్పుడు కాస్త మిగిలింది, అదురు పోయింది. మీ అబ్బాయికి అదే ప్లస్సు, మీకదే మైనస్సు, ఇద్దరూ కరెక్టే.

కిక్ రాడ్ లేకపోవడం మాత్రం నాకూ గుచ్చుకునే విషయమే. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు కూడా కరెంటు మీదే తిరగాలి, బ్యాటరీ పూర్తిగా పడుకుంటే తోసినా లేవదు. బండి వాడకుండా నెలల తరబడి చావిట్లో పెడితే వచ్చే తంటా ఇదే. వారానికోసారి ఓ 15, 20 కిలోమీటర్లు తిప్పమనండి. ఉండి దాకా వెళ్ళొచ్చే పని మీరే పెట్టుకోండి, అబ్బాయి వద్దనడు.

ప్రశ్న: నర్సాపురంలో ఉంటాం, సముద్రం దగ్గరే. క్రోము పార్టులు తుప్పు పట్టేస్తాయి అంటున్నారు నిజమేనా? స్పోక్ చక్రాలా, అల్లాయా?
— ఓ చేపల వ్యాపారి

జవాబు: నిజమే. పాతకాలపు అందమంతా క్రోములోనే ఉంది, ఉప్పుగాలికి ఇష్టమైన తిండీ అదే. సైలెన్సరు కింది వైపు, స్పోకులు రిమ్ములో దిగే మొదళ్ళు, బోల్టుల తలలు, అక్కడ ముందు మొదలవుద్ది. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే ఉప్పు పోవాలని రోజూ బోరు నీళ్ళతో కడుగుతారు, మన తీరం ఊళ్ళల్లో చాలా బోర్లలో వచ్చేదే ఉప్పు నీళ్ళు, అంటే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టు. కుళాయి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, క్రోము మీద నెలకోసారి వ్యాక్స్ పట్టించండి. చైనుకి 500 కిలోమీటర్లకోసారి లూబ్ వేయండి, వానల్లో ఇంకా తొందరగా.

చక్రాలు అల్లాయే తీసుకోండి, మారుమాట లేదు. తుప్పు గొడవ తక్కువ, పైగా ట్యూబ్‌లెస్, మేకు దిగినా గాలి మెల్లగా దిగుద్ది, చించినాడ వంతెన మీద 191 కిలోలు తోసుకుంటూ నడవక్కర్లేదు. స్పోకులు ఫొటోలో బావుంటాయి. సర్వీసుకిచ్చేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి, ఒకచోట నా బండి "వాష్ చేశాం సార్" అని ఇచ్చారు, చైను కింద పోయిన వారం బురద అలాగే ఉంది.

ప్రశ్న: మా ఆయన క్రూయిజర్ కొన్నారు. వెనక కూర్చుంటే తణుకు నుంచి తాడేపల్లిగూడెం వచ్చేసరికి నడుం విరిగిపోతోంది. సీటు చూస్తే సోఫాలా ఉంది మరి.
— ఓ గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, సీటు మెత్తన వేరు, సస్పెన్షను మెత్తన వేరు. ఈ రకం బండ్లలో ఫుట్‌రెస్టులు ముందుకి ఉంటాయి, నడిపేవాళ్ళు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు, గొయ్యొస్తే కాళ్ళ మీద లేచి నిలబడ్డానికి కుదరదు, దెబ్బ తిన్నగా వెన్నుకే వెళ్తుంది. ముందున్న ఆయనకి గొయ్యి కనపడుతుంది కాబట్టి బిగబట్టుకుంటారు, మీకదీ లేదు. వెనక షాకబ్జార్లకి స్ప్రింగు బిగువు మార్చే మెట్లుంటాయి, మిటియోర్‌కైతే 6. ఒక్కరే తిరిగేటప్పటి మెట్టు మీదే వదిలేసి ఇద్దరూ ఎక్కితే స్ప్రింగు కిందికంటా దిగి కొడుతుంది, ఓ రెండు మెట్లు బిగించమనండి. వెనకాల ఆనుకునే బ్యాక్‌రెస్టు కూడా వేయించమనండి, ఖర్చు ఆయనదే. అప్పటికీ తగ్గకపోతే ఆయన స్పీడు తగ్గించాలి.

ప్రశ్న: సార్, సౌండ్ కోసం సైలెన్సర్ మార్చొచ్చా?
— కాకినాడ స్టూడెంట్

జవాబు: వద్దు నాన్నా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, చప్పుడు ఎక్కువ చేసే బండికి జరిమానా 10,000 దాకా వేయొచ్చు. ఆ డబ్బుకి మంచి హెల్మెటూ, వానకోటూ వచ్చి ఇంకా మిగుల్తాయి.

ప్రశ్న: దాళ్వా కోతల టైములో రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోస్తారు కదా. బరువైన బండి, పైగా ఏబీఎస్ ఉంది, భయపడక్కర్లేదా?
— ఓ పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: భయపడాలండీ. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, అంతేగాని గింజల మీద పట్టు పుట్టించదు. అలాంటి చోట బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి, బరువు కూడా ముందుకే లాగుతుంది. గింజలు మొదలవ్వకముందే స్పీడు తగ్గించేసి, గింజల మీద ఉన్నంతసేపూ బ్రేకూ, హ్యాండిలూ రెండూ కదపకుండా తిన్నగా దాటేయండి. పక్కన కూర్చున్న రైతుని హారను కొట్టి బెదరగొట్టకండి, మన బండి జారితే లేపడానికి వచ్చేది ఆయనే.