ఫోర్కు బొమ్మలు గీసే అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మావాడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. కొండల మీద నుంచి దిగే డౌన్‌హిల్ సైకిళ్ల ఫోర్కుల్లో (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపుకు కుంగే కాళ్లు) ఏ డ్యాంపర్ (ఆ కుంగుడును ఆయిల్‌తో అదుపుచేసే భాగం) మేలో తేల్చాలని నోట్‌బుక్ నిండా బొమ్మలు గీశాడు. దాన్ని లాక్కుని బీరువాలో పెట్టాం. కంప్యూటర్స్ తీసుకోమంటే మెకానికలే అంటున్నాడు. దీంతో బతుకుతెరువు ఉంటుందా? ఒక పేజీ ఫొటో పంపుతున్నాను.
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఆ పేజీ రెండుసార్లు చదివానండీ. ఇది సైకిల్ పిచ్చి కాదు.

తిరుమల ఘాట్‌లో బైకు మీద దిగుతూ మలుపు దగ్గర ముందు బ్రేకు వేస్తే బండి ముందుకు కుంగుతుంది కదా. అదే బండి వేగంగా గుంతలో పడితే చేతులు జివ్వుమంటాయి. మామూలు బైకు ఫోర్కులో ఆయిల్ మారని సైజు రంధ్రాల్లోంచి పోతుంది. ఫోర్కు కదిలే వేగం రెట్టింపైతే ఆ రంధ్రాల దగ్గర నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే మెల్లగా కుంగేటప్పుడు మరీ మెత్తన, దెబ్బ తగిలితే మరీ గట్టి. డౌన్‌హిల్ ఫోర్కు దాదాపు 200 మిల్లీమీటర్లు కదులుతుంది. రాళ్ల మీద దానికి ఈ పద్ధతి చాలదు. అందుకే డ్యాంపర్ లోపలి పిస్టన్ మీద షిమ్‌లు, అంటే పలుచని స్టీలు బిళ్లలు, దొంతరగా పేరుస్తారు. దెబ్బ గట్టిగా తగిలితే అవి వంగి ఆయిల్‌కు దారి ఇస్తాయి.

మీవాడు అక్కడ ఆగలేదు. డ్యాంపర్‌లోకి రాడ్ దూరినప్పుడల్లా అంత ఆయిల్ పక్కకు తప్పుకోవాలి. దానికి చోటివ్వడానికి కొన్నిట్లో సాగే రబ్బరు సంచి (బ్లాడర్) ఉంటుంది, కొన్నిట్లో వెనక స్ప్రింగు ఉన్న తేలే పిస్టన్. బ్లాడర్‌లో రాపిడి తక్కువ, చిన్న కదలికకూ స్పందిస్తుంది. కానీ సీలు దాటి ఆయిల్ కొద్దికొద్దిగా లోపలికి చేరితే అది ఉబ్బి చిరిగే ప్రమాదం ఉంది. పిస్టన్‌కు రాపిడి ఉన్నా, ఎక్కువైన ఆయిల్‌ను బయటికి వదిలే ఏర్పాటు చేయొచ్చు. పేరున్న డౌన్‌హిల్ ఫోర్కులు రాక్‌షాక్స్ బాక్సర్, ఫాక్స్ 40 రెండూ బ్లాడర్ వదిలి ఇటే వచ్చాయి. మీవాడు పేజీ మూలన పెన్సిల్‌తో "ఆయిల్ ఎక్కువైతే ఎక్కడికి పోతుంది?" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతలు చూసి నాకు చాలా సంతోషమేసింది. వస్తువు కొత్తగా ఉన్నప్పుడు ఎలా పనిచేస్తుందో చాలామంది అడుగుతారు. వాడాక ఎలా పాడవుతుందో ఈ వయసులో అడిగేవాళ్లు తక్కువ.

ఇక బతుకుతెరువు. ఈ సైకిల్ ఫోర్కుల తయారీ ఎక్కువగా తైవాన్‌లో జరుగుతుంది. మన దగ్గర అదొక్కటే నమ్ముకుంటే కష్టం, ఈ మాట మీవాడికీ చెప్పండి. కానీ ఇదే విద్యతో బైకులు, కార్లు, ఎలక్ట్రిక్ బండ్ల సస్పెన్షన్‌లో పని ఉంది. ఎండ్యూరెన్స్, గాబ్రియెల్, ముంజాల్ షోవా మన దేశంలోనే బైకు ఫోర్కులు, షాక్ అబ్జార్బర్లు తయారు చేస్తాయి. బండ్ల కంపెనీలకూ సస్పెన్షన్ ట్యూనింగ్, టెస్టింగ్ తెలిసినవాళ్లు కావాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు. అయినా ఇంత ఇష్టమున్న పిల్లాణ్ని బలవంతంగా వేరే బ్రాంచిలో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

మెకానికల్ తీసుకోనివ్వండి. జేఈఈలో మంచి ర్యాంకు వస్తే ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఈఏపీసెట్ ద్వారా ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కోడింగ్ కూడా నేర్చుకోవాలి, టెస్ట్ రిగ్ (భాగాలను పరీక్షించే యంత్రం) మీద వచ్చే లెక్కలు చదవాలంటే అది తప్పదు. కాలేజీలో చేరాక ఇంజనీరింగ్ విద్యార్థుల బాహా ఎస్ఏఈ ఇండియా పోటీకి బండి తయారుచేసే జట్టులో చేరమనండి. తర్వాత గేట్ రాసి ఎంటెక్ చేస్తే డిజైన్ వైపు దారి సులువవుతుంది.

పరీక్షల టెన్షన్ ఉంది కాబట్టి ఒక ఒప్పందం చేసుకోండి: వారమంతా సిలబస్, ఆదివారం గంటసేపు నోట్‌బుక్. ఫిజిక్స్‌లో ఆసిలేషన్స్, ఫ్లూయిడ్స్ పాఠాలు వాడు గీసిన బొమ్మల్లోనే ఉన్నాయని చెప్పండి, ఆ లెక్కలు ఇష్టంగా చేస్తాడు.

పరీక్షలయ్యాక మీ బైకును తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, ఫోర్కు ఆయిల్ వాడి చేతే మార్పించండి. పాత ఆయిల్‌ను కొలపాత్రలో పోసి ఎన్ని మిల్లీలీటర్లు తగ్గిందో, ఎంత నల్లబడిందో రాసుకోమనండి. ఆ లెక్క రాయడానికి బీరువాలోని నోట్‌బుక్ కావాలి, ఈ ఆదివారమే ఇచ్చేయండి.