తిట్టు విన్నవాళ్లను వెతుకు

అమ్మాయీ,

నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. 1610 ప్రాంతపు లండన్‌లో ఒక నేతగాడి భార్య, తనను లంజ అన్నవాళ్ల మీద కోర్టుకెక్కడం చాలా బలమైన కథ. ఎంచుకున్నందుకు మనసారా మెచ్చుకుంటున్నాను. అందుకే మూడో అధ్యాయం మొత్తం తీసెయ్యమని చెబుతున్నాను. బాధపడకు, ఎందుకో చెప్తాను.

కిక్కిరిసిన హాలు, జ్యూరీ, బోనులో సాక్షి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసే లాయరు. ఇవేవీ ఆ కోర్టులో ఉండవు. ఆ రోజుల్లో ఆడవాళ్ల శీలం మీద మాట పడితే దావా ఎక్కువగా చర్చి కోర్టుకే వెళ్లేది. అక్కడ జ్యూరీ లేదు. సాక్షుల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగేవారు. గుమాస్తా రాసుకునేవాడు. ఆ కాగితాలు చూసే జడ్జి తీర్పు చెప్పేవాడు. కోర్టు తతంగం చాలావరకు లాటిన్‌లో నడిచినా, తిట్టును మాత్రం నోటి నుంచి వచ్చింది వచ్చినట్టు ఇంగ్లీషులోనే దించేవారు. రచయితకు ఇంతకన్నా ఏం కావాలి చెప్పు?

ఇంకో పెద్ద చిక్కుంది. నీ కథలో పక్కింటామె వంటింట్లోకి వచ్చి, ఎవరూ లేనప్పుడు తిట్టి వెళ్లిపోతుంది. మాట ఇంకొకరి చెవిన పడకపోతే పోయిన పరువేమిటి? కేసు నిలబడాలంటే కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. కాబట్టి ఆ గొడవను వీధిలోకి తీసుకురా. గుమ్మంలో కుట్టుపని చేసుకుంటున్న ఒకామెను కూర్చోబెట్టు. ఎదురింటి కిటికీ తెరిచి పెట్టు. ఆ తర్వాత ఆ ఇద్దర్నీ గుమాస్తా ముందుకు పంపు. నువ్వెక్కడున్నావు, ఏం పని చేస్తున్నావు, పక్కన ఇంకెవరున్నారు, ఫిర్యాదికి నీకు చుట్టరికముందా, నీ ఆస్తెంత, ఈ కేసులో ఎవరు గెలవాలని నీకుంది? ఇలాంటి ప్రశ్నలు నిజంగానే అడిగేవారు. అప్పుల్లో ఉన్న పనిమనిషి ఆస్తి సంగతి అడిగినప్పుడు ఎలా ముడుచుకుపోతుందో రాయి. నీ మూడో అధ్యాయం అదే.

షేక్స్పియర్ పెద్దకూతురు సుసానా కేసు చూడు. 1613 జూలైలో ఆమె జాన్ లేన్ అనే యువకుడి మీద వూస్టర్ చర్చి కోర్టులో దావా వేసింది. ఆమెకు సుఖవ్యాధి ఉందనీ, రేఫ్ స్మిత్ అనే అతనితో జాన్ పామర్ అనే ఇంకొకరి ఇంటి దగ్గర తప్పు చేసిందనీ లేన్ అన్నాడట. ఆమె భర్త స్ట్రాట్‌ఫర్డ్‌లో పేరున్న వైద్యుడు. వైద్యుడి భార్యకు అంటగట్టిన ఆ రోగం ఏమిటో గమనించావా? పైగా మనిషి పేరుంది, చోటుంది. వట్టి తిట్టు కోపంలో అన్నదని జనం వదిలేయవచ్చు, పేరూ చోటూ ఉన్న మాటను నమ్మేస్తారు. నీ పక్కింటామె నోట్లో కూడా అలాంటి మాటే పెట్టు. లేన్ కోర్టుకు రానేలేదు. నెలాఖరులోపు చర్చి అతన్ని వెలివేసింది.

మామూలు రాజుగారి కోర్టుల్లో దారి వేరు. దొంగ అనో, హంతకుడనో, ఫలానా రోగముందనో, వృత్తిలో మోసగాడనో అంటేనే అక్కడ దావా. లంజ అన్న మాటకు సాధారణంగా అక్కడ చోటు లేదు, ఆ మాట వల్ల కుదిరిన పెళ్లి తప్పిపోయిందని చూపిస్తే తప్ప. ఈ కేసులు ఎంతగా వచ్చిపడ్డాయంటే, జడ్జీలు మాటకు వీలైనంత మెత్తటి అర్థం తీసి కొట్టేయడం మొదలుపెట్టారు. 1607లో సర్ థామస్ హోల్ట్ తన వంటవాడి తలను కత్తితో రెండు ముక్కలు చేశాడనీ, ఒక ముక్క ఈ భుజం మీద, ఇంకో ముక్క ఆ భుజం మీద పడిందనీ ఒకడు అన్నాడు. హోల్ట్ కోర్టుకెళ్లాడు. వంటవాడు చనిపోయాడని ఎక్కడా అనలేదు కదా, ఇది హత్యారోపణ ఎలా అవుతుంది అంది కోర్టు. దీన్ని వింతగా చూపించి నవ్వించాలని నీకు అనిపించవచ్చు. వద్దు. ఆ న్యాయం కోసం డబ్బు పోసి తిరిగినవాడి కళ్లతో చూడు, నవ్వు రాదు.

ఇంకొకటి. చివర్లో నీ నాయికకు పరిహారంగా డబ్బు సంచి ఇచ్చావు. చర్చి కోర్టు నష్టపరిహారం ఇప్పించదు. ఓడినవాళ్లు కేసు ఖర్చులు కట్టాలి, ఫిర్యాది ఎదుట తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాలి. అసలు చాలా కేసులు తీర్పుదాకా వెళ్లనే వెళ్లవు. ఇరుగుపొరుగు, ఊరి ఫాదరీ మధ్యలో కూర్చుని రాజీ చేసేస్తారు. నీ నాయిక రాజీకి ఒప్పుకుంటుందా? నవలకు అసలు ముడి అక్కడుంది, దాన్ని నువ్వు ముట్టుకోనేలేదు.

పక్కింటామెను గయ్యాళిగా మాత్రమే చూపించావు, అది నాకు నచ్చలేదు. దావా వేసినవాళ్లలోనే కాదు, వేయించుకున్నవాళ్లలోనూ ఆడవాళ్లు చాలామంది. తిట్టు వెనక మురికినీళ్ల తగాదా ఉండొచ్చు, తీరని బాకీ ఉండొచ్చు, తన మొగుడి మీద అనుమానం ఉండొచ్చు. ఏదో ఒకటి నిర్ణయించుకో, కానీ మొదటి అధ్యాయంలోనే దాన్ని కదిలించు. ఆమె చెప్పేది వింటే పాఠకుడు ఒక్క పేజీ అయినా ఆమె పక్షాన ఉండాలి.

పెద్దమనుషుల పరువు తగాదాలకు వేరే కోర్టు ఉండేది, 1634 తర్వాత కొన్నేళ్లు బాగా నడిచింది. ఆ అధ్యాయం కూడా ఇరికిద్దామా అని అడిగావు. ఈ నవలలో వద్దు.

ముందు ఆ వీధి మ్యాపు గీసుకో. ఎవరి గుమ్మం ఎక్కడ, ఎవరికి ఏం వినపడుతుంది, ఎవరు ఎవరికి బాకీ, అంతా గుర్తు పెట్టుకో. సాక్షుల వాంగ్మూలాలు రెండూ వేర్వేరు రోజుల్లో రాయి, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాయకు. అవి అక్కడక్కడా పొసగకపోయినా సరిచేయకుండా అలాగే నాకు పంపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు