మొదటి షార్ట్ ఫిల్మ్ హారర్ తీస్తే ఆ ముద్రే పడిపోతుందా?

హారర్‌తో మొదలుపెడితే పెద్ద సినిమాలకు పిలవరేమోనని మీ భయం. నేను చెన్నై సాలిగ్రామంలో ఎడిటింగ్ చేస్తుంటాను. ఆ భయం వదిలేసి హాలీవుడ్ దర్శకుడు సామ్ రైమీ సంగతి చూడండి.

1978లో స్నేహితులతో సూపర్ 8 అనే చిన్న, చవక ఫిల్మ్ మీద ఓ చిన్న హారర్ తీసి, అదే చూపించి పెట్టుబడి పోగుచేశాడు. మరుసటేడు టెనెసీ అడవిలో ఓ పాత చెక్క ఇంట్లో ‘ది ఈవిల్ డెడ్’ మొదలుపెట్టాడు. 1981లో బయటికొచ్చింది. ఖరీదైన సరంజామాకి డబ్బుల్లేక కెమెరాని చెక్క మధ్యలో బిగించి, ఇద్దరు చెరో కొస పట్టుకుని పరిగెత్తారు. కంటికి కనపడని దయ్యం మీదికి దూసుకొస్తున్నట్టే ఉంటుంది.

మేమూ చెన్నై ఈసీఆర్ (సముద్రం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన సరుగుడు తోపులో అలాగే తీశాం. సెంట్రింగ్ పనివాళ్ళ దగ్గర మందపాటి చెక్క అడిగి తెచ్చాం, పలచటిదైతే నడుమ ఊగిపోతుంది. వైడ్ లెన్స్ పెడితే పరుగులో అదురు పెద్దగా తెలియదు. కెమెరా నేలకి జానెడెత్తున పోతూ, రాలిన సరుగుడు ఆకు మొహానికి కొడుతున్నట్టు వచ్చింది. దయ్యం వేషమే లేదు. అయినా రషెస్ (ఎడిట్ చెయ్యని ముడి షాట్లు) చూస్తుంటే మాకే ఒళ్ళు జలదరించింది.

‘ది షాడో’ అనే పాత హీరో కథ హక్కులు దొరక్క, 1990లో మొహం కాలిపోయిన హీరోని తానే పుట్టించి ‘డార్క్‌మ్యాన్’ తీశాడు రైమీ. స్పైడర్‌మ్యాన్‌కి దారి అక్కడే పడిందని నా నమ్మకం. 2002లో ఆయన తీసిన ఆ సినిమా అమెరికాలో తొలి వారాంతంలోనే పది కోట్ల డాలర్లు దాటింది. అంతకుముందు ఏ సినిమాకీ అది సాధ్యం కాలేదు.

2004లో వచ్చిన రెండో స్పైడర్‌మ్యాన్‌లో ఆపరేషన్ థియేటర్ సీన్ ఒక్కటి మళ్ళీ చూడండి. విలన్ వీపుకి అతుక్కుపోయిన ఇనుప చేతుల్ని డాక్టర్లు రంపంతో కోయబోతే, అవే వాళ్ళ మీద తిరగబడతాయి. నేపథ్య సంగీతం ఉండదు, కేకలూ లోహం చప్పుడూ అంతే. ఈడ్చుకుపోతున్న మనిషి గోళ్ళు నేలని గీరుకుంటూ పోతాయి. ఆ చేతులే చూస్తున్నట్టు కెమెరా ఒకరి మొహం మీదికి ఉరుకుతుంది. అడవిలో చెక్క మీద పరిగెత్తిన చూపే అది! కోట్ల డాలర్ల సినిమాలోనూ ఆయన దాన్ని వదల్లేదు. నా దగ్గర చేరే అసిస్టెంట్లందరికీ ముందు ఈ సీనే వేసి చూపిస్తాను.

డేవిడ్ శాండ్‌బర్గ్ కూడా అంతే. 2013లో స్వీడన్‌లో భార్యనే నటిగా పెట్టి ‘లైట్స్ అవుట్’ అనే చిట్టి సినిమా తీసినవాడు, 2019కల్లా ‘షజామ్’ అనే పెద్ద సూపర్‌హీరో సినిమా తీశాడు.

స్క్రిప్ట్‌లో దయ్యం రూపం కన్నా ముందు, ప్రతి షాట్‌లో కెమెరా ఎవరి కళ్ళతో చూస్తోందో రాసుకోండి. తోపులో తీసేట్టయితే తోట వాళ్ళని ముందే అడగండి. సాయంత్రం చెట్ల కింద వెలుతురు తొందరగా పోతుంది, మూడింటికల్లా మొదలుపెట్టండి.