గుర్రాన్ని తీసుకురండి, పళ్లు చూద్దాం!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బ్రిటన్ గుర్రప్పందాల మీదే ఎక్కువ ప్రశ్నలున్నాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో గుర్రప్పందాలు రాజుల సరదాగా మొదలయ్యాయంటారు, నిజమేనా సార్? (ఓ పాఠకుడు, తెనాలి)

జవాబు: సగం నిజం. న్యూమార్కెట్‌ని పందాల ఊరుగా మార్చింది స్టూవర్ట్ వంశపు రాజులే. రెండో చార్లెస్ అయితే చూసి ఊరుకోలేదు, 1671లో తనే గుర్రమెక్కి పోటీలో దిగి గెలిచాడు (రాజుగారిని దాటిపోయే ధైర్యం ఎవరికుంటుంది లెండి!). ఆస్కట్‌లో 1711లో పందాలు మొదలుపెట్టించింది ఆన్ రాణి. కానీ రాజులు సరదా తీర్చుకుని వెళ్లిపోతారు, రూల్సు పుట్టించింది మాత్రం పందెం డబ్బే. ఇద్దరు ప్రభువులు నా గుర్రం గొప్పంటే నా గుర్రం గొప్పని గినీలకు గినీలు (అప్పటి బంగారు నాణేలు) ఒడ్డుతారు, ఒకరి మీద ఒకరికి పైసా నమ్మకం ఉండదు, దాంతో ఏ గుర్రం ఎంత బరువు మోయాలి, డబ్బు ఎవరి దగ్గర పెట్టాలి, తగువొస్తే ఎవరు తీర్చాలి అన్నవన్నీ కాగితం మీదికెక్కాయి. 1750 ప్రాంతంలో వచ్చిన జాకీ క్లబ్‌ది కూడా ఈ కథే. పేరుకే జాకీ క్లబ్, అందులో జాకీలు, అంటే పందెంలో గుర్రం నడిపేవాళ్లు లేరు, ఉన్నదంతా గుర్రాలున్న పెద్దమనుషులే. 1791లో వెదర్‌బీ కుటుంబం మేలుజాతి గుర్రాల వంశావళి అచ్చేసింది. ఆ పేరుతోనే ఉన్న సంస్థ ఇప్పటికీ ఆ లెక్క రాస్తోంది.

ప్రశ్న: ఆ వంశావళి ఎక్కడిదాకా పోతుంది? (ఓ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: మూడు మగ గుర్రాల దాకా. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ తూర్పు నుంచి వచ్చినవే. డార్లీని 1704లో సిరియాలోని అలెప్పో నుంచి తెచ్చారు. మన మలక్‌పేటలో పరిగెత్తే గుర్రానికైనా తండ్రి, తాత, ముత్తాత అని లెక్కపెట్టుకుంటూ పోతే ఈ మూడింటిలో ఒకదాని దగ్గర ఆగాల్సిందే, ఎక్కువసార్లు డార్లీ దగ్గరే.

ప్రశ్న: ఇంత పకడ్బందీగా రాసుకున్నాక మోసాలు ఆగాయా? (ఓ పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఎక్కడాగుతాయండీ! లండన్ దగ్గరి ఎప్సమ్‌లో 1780లో మొదలైన డర్బీ పందెం మూడేళ్ల గుర్రాలకు మాత్రమే. 1844లో రన్నింగ్ రెయిన్ అనే గుర్రం గెలిచింది. నిజానికి అది మకాబియస్ అనే నాలుగేళ్ల గుర్రం, పేరు మార్చి దింపారు. ఆ ఈడులో ఏడాది తేడా అంటే మాటలు కాదు, ఎముక గట్టిపడుతుంది, ఊపిరి నిలుస్తుంది. ముందు ఏడాది పందెం గెలిచినప్పుడే అనుమానాలొచ్చాయి గానీ నిలబడలేదు. డర్బీ తర్వాత పందాల్లో పేరున్న పెద్దమనిషి లార్డ్ జార్జ్ బెంటింక్ పట్టువదలకుండా కూపీ లాగాడు. రెండో స్థానంలో వచ్చిన ఓర్లాండో యజమాని కర్నల్ పీల్, అప్పటి ప్రధానమంత్రికి తమ్ముడు, బహుమతి నాదేనన్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. మన సంతలో ఎద్దు నోరు తెరిచి చూసినట్టే గుర్రానికీ పళ్లు చూస్తే వయసు తెలిసిపోతుంది కదా, జడ్జి ఆల్డర్సన్ ఆ గుర్రాన్నే హాజరుపరచమన్నాడు. గుర్రం మాయం! రన్నింగ్ రెయిన్ యజమానికి కేసు వదులుకోక తప్పలేదు, డర్బీ ఓర్లాండోకి దక్కింది. ఇంకో విడ్డూరం, అదే పందెంలో కాలు విరిగిన లియాండర్ అనే గుర్రం వయసు కూడా మూడేళ్లు కాదని తర్వాత తేలింది.

ప్రశ్న: అక్కడ పందెం కాయడం ఎప్పుడూ నేరం కాదా? (ఓ పాఠకుడు, ఖమ్మం)

జవాబు: పేదవాడికి నేరమే! 1853లో బెట్టింగ్ దుకాణాలు మూయించారు, 1906లో వీధిలో పందెం కాయడం నేరం చేశారు. కానీ రేస్ కోర్సుకి వెళ్లి కాయొచ్చు, బుకీ (పందేలు కట్టించుకునేవాడు) దగ్గర ఖాతా ఉన్నవాడు ఇంట్లో కూర్చుని అరువు మీద కాయొచ్చు. ఫ్యాక్టరీ కూలీ మాత్రం చీటీ, చిల్లర కలిపి బుకీ మనిషి చేతిలో పెట్టి పోలీసు వస్తున్నాడేమోనని టెన్షన్ పడాలి. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో ఇదే అన్నిటికన్నా సిగ్గుమాలిన భాగం. 1961 మే 1న దుకాణాలు చట్టబద్ధమయ్యాయి, అదీ ఇష్టం లేని పెళ్లిలాగే, 1986 దాకా లోపల టీవీ కూడా పెట్టనివ్వలేదు.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది, జూన్‌లో వెళ్తున్నాం. ఒక్క రేసు చూడాలంటే ఏది చూడమంటారు? (ఓ పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: డర్బీయే చూడండమ్మా. గ్రాండ్ నేషనల్ ఎలాగూ ఏప్రిల్‌లో అయిపోతుంది, పైగా కంచెలు దూకే పందెం, గుర్రాలు పడి చనిపోయిన సందర్భాలున్నాయి. 2024 నుంచి గుర్రాల్ని 40 నుంచి 34కి తగ్గించినా నాకు మనసొప్పదు. ఎప్సమ్ మైదానం చదునుగా ఉండదు. గుర్రాలు ముందు ఎత్తుకెక్కి, తర్వాత దిగువకు దూసుకొస్తూ ఎడమకు తిరుగుతాయి. అదే టాటెన్‌హామ్ కార్నర్. 1913లో ఆడవాళ్ల ఓటు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డం వెళ్లింది అక్కడే, నాలుగు రోజులకి చనిపోయింది. మలుపు తిరిగాక కూడా నేల లోపలి రెయిలింగు వైపు వాలుగా ఉంటుంది, అలసిన గుర్రం అటే జారుతుంది, జాకీ పనితనమంతా అక్కడ బయటపడుతుంది. స్టాండ్లలో ఖరీదైన చోట కోటు, టోపీ గొడవలుంటాయి, ఎదురుగా ఉన్న హిల్ మీద అయితే టికెట్టూ లేదు, డ్రెస్సు పట్టింపూ లేదు. లండన్ నుంచి టాటెన్‌హామ్ కార్నర్ స్టేషన్‌కి రైలుంది, దిగితే మైదానం పక్కనే.